కౌటలీయమున కోశగృహము

కోశగృహము, కోష్ఠాగారము అను పదములను ఏకార్థకములుగా తలంచుట కలదు. ఇది విచారణీయము. అర్థశాస్త్ర ద్వితీయాధికరణము 5వ అధ్యాయమున సన్నిధాత నిర్మింపవలసిన ఆఱు గృహములలో కౌటల్యుడు ఈ రెంటిని వేఱువేఱుగ పేర్కొనెను. కోష్ఠాగారము ధాన్యాదులకు, కోశగృహము రత్నాది మహార్ఘవస్తువులకు.

కోశగృహ నిర్మాణవిధి యిట్టిది. నీటిచెమ్మ సోకని చోట చతురస్రముగ గోయి త్రవ్వి, అడుగును ప్రక్కలను పెద్దశిలలతో కట్టి, లోపల చేవగల కొయ్యతో మూడంతస్తుల భూగృహమును నిర్మింపవలెను. దానికి ద్వారమొక్కటే, సోపానము యంత్రయుక్తము. దానిపై ఇటుకలతో కోశగృహమును కట్టి, చుట్టును భాండశాలలను ఏర్పఱుపవలెను.

అయినను గోడలే రక్షణ యని ఆచార్యుడు తలంపలేదు. రత్నము, సారము, ఫల్గువు, కుప్యము అను నాలుగు తెగల వస్తువులను ఆయా జాతుల నెఱిగిన నిపుణుల సమక్షముననే సన్నిధాత స్వీకరింపవలెను. రత్నవిషయమున కపటము జరిగినచో చేసినవానికిని, చేయించినవానికిని ఉత్తమదండము, సారవిషయమున మధ్యమదండము, ఫల్గుకుప్యముల విషయమున ఆ వస్తువును, దానికి సమానమైన దండమును చెల్లింపవలెను. చేయించినవానిని విడువకపోవుట ఇందు గమనింపదగినది.

నూఱేండ్ల నాటి ఆయమును గూర్చి యడిగినను సన్నిధాత తడబడరాదని అధ్యాయాంతమున చెప్పబడినది. దీనినిబట్టి అమూల్యవస్తువునకు బయటి దొంగకంటె లోపలి చేయియే అధికభయహేతువనియు, లెక్కయే దానికి తుదితాళమనియు ఆచార్యుని హృదయమని నా యభిప్రాయము. నేటి భాండాగార నిర్వాహకులకును ఇది అనుసరణీయము.