రెండు తప్పుల లెక్క

పిల్లవాడు లెక్కకు ఒక జవాబు చెబుతాడు. అది సరికాదని తెలియగానే పెద్దల ముఖం చిట్లుతుంది, రబ్బరు కాగితం మీద తిరుగుతుంది. అంకెతో పాటు, సరైన జవాబు ఎటువైపు ఉన్నదో తెలిపే ఆధారం కూడా అలా చెరిగిపోతుంది. తెలియనప్పుడు నోరు మెదపకపోవడమే క్షేమమని బిడ్డ క్రమంగా గ్రహిస్తాడు. ఆపై గైడులోని జవాబును ఎక్కించడం మొదలవుతుంది. లెక్కల భయం ఈ విధంగా నిజాయితీని కూడా దెబ్బతీస్తుంది.

ఊహించి, సరిచూసి, సవరించుకునే పద్ధతి దీనికి మంచి విరుగుడు. ఒక ఉదాహరణ చూద్దాం. అనకాపల్లి జిల్లా నాతవరం మండలంలో తాండవ జలాశయం ఉంది. దానిని చూడవచ్చిన వారి వాహనాలు 10 అక్కడ ఆగి ఉన్నాయనుకుందాం. కొన్ని మోటారు సైకిళ్లు, మిగిలినవి ఆటోలు. చక్రాలు మొత్తం 26. మరి ఆటోలు ఎన్ని?

బీజగణితం ఇంకా నేర్వని నాలుగో తరగతి బాలికకు తల్లి చెప్పవలసిన మాట ఒక్కటే: "ఏదో ఒక సంఖ్య అనుకో బేటా, సరిపోతుందో లేదో చూద్దాం." ఆటోలు 3 అనుకుంటే మోటారు సైకిళ్లు 7. చక్రాలు 9, 14 కలిపి 23. కావలసిన దానికంటే 3 తక్కువ. ఆటోలు 8 అనుకుంటే చక్రాలు 24, 4 కలిపి 28. ఈసారి 2 ఎక్కువ. అంటే జవాబు 3కూ 8కీ మధ్య ఉన్నది. ఒక మోటారు సైకిలును తీసి దాని స్థానంలో ఆటోను ఉంచితే ఒక చక్రం పెరుగుతుంది. మొదటి ఊహలో తక్కువైనవి 3 చక్రాలు కనుక, మరో 3 ఆటోలు చేర్చాలి. ఆటోలు 6, మోటారు సైకిళ్లు 4. సరిచూస్తే 18, 8 కలిపి 26.

ఇది చేతగానివారి అడ్డదారి అనుకోరాదు. మధ్యయుగపు అరబీ గణితంలో దీనికి గౌరవప్రదమైన స్థానం ఉండేది. 'హిసాబుల్ ఖతాయిన్' అని దాని పేరు. 'రెండు తప్పుల లెక్క' అని అర్థం. బాల్బెక్‌కు చెందిన క్రైస్తవ విద్వాంసుడు ఖుస్తా ఇబ్న్ లూఖా దీనికి అరబీలో నిరూపణ రాశాడు. మరాకిష్ నగరవాసి ఇబ్నుల్ బన్నా (1256–1321) దీనిని త్రాసు బొమ్మ గీసి బోధించాడు. రెండు ఊహలను రెండు తట్టల్లో రాస్తారు; తప్పు ఎక్కువ వైపైతే తట్టకు పైన, తక్కువ వైపైతే కింద రాస్తారు. మన లెక్కలో 3ను రెండో తప్పు 2తోనూ, 8ని మొదటి తప్పు 3తోనూ గుణిస్తే 6, 24 వస్తాయి. ఒక తప్పు తక్కువ వైపు, మరొకటి ఎక్కువ వైపు ఉన్నందున వాటిని కలపాలి. మొత్తం 30ని తప్పుల మొత్తం 5తో భాగిస్తే జవాబు 6. పీసా నగరపు ఫిబొనాచ్చీ 1202లో రాసిన గ్రంథంలో ఈ పద్ధతికి ఒక అధ్యాయమే కేటాయించి, అరబీ పేరునే నిలుపుకున్నాడు.

మన దేశంలోనూ ఈ ఆలోచన ఉంది. భాస్కరాచార్యుడు 1150లో రచించిన 'లీలావతి'లోని 'ఇష్టకర్మ' నచ్చిన సంఖ్యను ఊహించుకుని, వచ్చిన ఫలితాన్ని బట్టి అసలు సంఖ్యను రాబట్టే విధానం. అక్బర్ ఆదేశంపై 1587లో ఫైజీ ఆ గ్రంథాన్ని పారశీకంలోకి అనువదించాడు.

త్రాసు పోలిక అనకాపల్లి ప్రాంతం వారికి కొత్త కాదు. బెల్లం తూచేవారు మొదటి రాయికే ముల్లు నిలవాలని పట్టుబట్టరు. తట్ట ఎటు మొగ్గిందో చూసి మరో రాయి వేస్తారు లేదా తీస్తారు. ఇంట్లో పిల్లలకు కావలసిన సహనం కూడా ఇంతే. నోటుపుస్తకంలో మూడు గడులు గీయించండి: ఊహ, వచ్చిన ఫలితం, తేడా. ఏ వరుసనూ చెరపనివ్వకండి. "తప్పు" అనడానికి బదులు "ఎంత తక్కువైంది? ఎంత ఎక్కువైంది?" అని అడగండి. తదుపరి ఊహకు కారణం బిడ్డ నోటనే చెప్పించండి.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువగా, వైశాల్యం 54 చదరపు మీటర్లుగా ఉన్న స్థలం కొలతలకు త్రాసు సూత్రం నేరుగా పనిచేయదు. వెడల్పు 5 అనుకుంటే 40, 7 అనుకుంటే 70, 6 అనుకుంటే 54 అని ఊహిస్తూ పోవలసిందే. జవాబు భిన్నమైనప్పుడు ఊహలు పెరిగి విసుగు పుడుతుంది. బీజగణితం అవసరం బిడ్డకు సహజంగా తెలిసివచ్చే ఘడియ అదే.

ఊహకూ నిశ్చిత జ్ఞానానికీ గల వ్యత్యాసాన్ని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల గుర్తుచేస్తుంది. సరిచూడని ఊహ ఊహగానే మిగిలిపోతుంది. తన మాటను తానే పరీక్షించుకుని, పొరపాటును దాచకుండా కొలిచి దిద్దుకునే అలవాటు లెక్కల పుస్తకంలో మొదలైనా, రేపు వ్యాపారంలోనూ సాక్ష్యంలోనూ బిడ్డకు తోడుంటుంది. అందుకు తల్లిదండ్రులు చేయవలసిన మొదటి పని ఆ రబ్బరును కాసేపు పక్కన పెట్టించడమే.