అంతరిక్షంలో చెత్త

ఆకాశం ఖాళీగా ఉంటుందని మనం అనుకుంటాం. కాని 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన నాటి నుండి భూమి చుట్టూ చెత్త పోగవుతూనే ఉంది. పనిచేయని ఉపగ్రహాలు, రాకెట్ల చివరి దశలు, పేలిపోయిన ముక్కలు ఇందులో ఉన్నాయి. తక్కువ ఎత్తులో ఉన్నవి గాలి రాపిడికి కొన్నేళ్ళలో కిందికి దిగి కాలిపోతాయి. బాగా ఎత్తున ఉన్నవి వందల ఏళ్ళు తిరుగుతూనే ఉంటాయి.

భూమికి దగ్గరి కక్ష్యల్లో వీటి వేగం సెకనుకు 7 కిలోమీటర్ల పైమాటే. అందుకే చిన్న బోల్టు కూడా ఉపగ్రహాన్ని పాడుచేయగలదు. 2009 ఫిబ్రవరి 10న పనిచేస్తున్న అమెరికా ఉపగ్రహం ఇరిడియం-33, మూలపడిన రష్యా ఉపగ్రహం కాస్మోస్-2251 ఢీకొని వేల ముక్కలయ్యాయి. ముక్కలు మరికొన్నింటిని ఢీకొని చెత్త గొలుసుకట్టుగా పెరుగుతుందని నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే హెచ్చరించారు.

ఇందులో మన వంతూ ఉంది. 2001 అక్టోబరులో శ్రీహరికోట నుండి వెళ్ళిన పి.ఎస్.ఎల్.వి.-సి3 ఉపగ్రహాలను కక్ష్యలో చేర్చి విజయం సాధించింది. రెండు నెలలకే దాని చివరి దశ పేలి 300కు పైగా ముక్కలైంది. ఆ తరువాత ఇస్రో చివరి దశలో మిగిలిన ఇంధనాన్ని ఖాళీ చేసే పద్ధతి తెచ్చింది. 2030 నాటికి చెత్త మిగలని ప్రయోగాలే చేయాలని 2024లో లక్ష్యం పెట్టుకుంది.

తుఫాను కబురు ముందే చెప్పేది ఉపగ్రహాలే. వాటి దారి మూసుకుపోతే నష్టపోయేది తీరంలోని పేదలే. మిత్రులారా! గది ఖాళీ చేసేటప్పుడు తరువాత వచ్చేవారి కోసం ఊడ్చి వెళతాం. ఆకాశానికీ అదే నియమం.