మోకాలి బ్రేకులో కరెంటు

నడిచే మనిషి నుంచి కరెంటు తీసే పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు. కొన్ని ఒత్తిడినో రాపిడినో నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి. కొన్ని శరీరం కదలికతో బుల్లి జనరేటర్‌ను తిప్పుతాయి.

మొదట్లో అందరి చూపూ మడమ మీదే. 68 కిలోల మనిషి సెకనుకు రెండడుగులు వేస్తూ, అడుగడుక్కీ మడమ 5 సెంటీమీటర్లు దిగితే 67 వాట్లు పుడతాయని 1996లో పరిశోధకుడు థాడ్ స్టార్నర్ లెక్క కట్టారు. అయితే బూటు అడుగు అంత లోతుకు కుంగితే అది ఇసుకలో నడకే అవుతుంది. 1998లో ఎంఐటీ మీడియా ల్యాబ్ బూటు మడమలో పీజోఎలక్ట్రిక్ పలక (ఒత్తిడిని కరెంటుగా మార్చేది) అమర్చి చూస్తే వచ్చింది సుమారు 1.8 మిల్లీవాట్లు.

అసలు కిటుకు మోకాలిలో ఉంది. గాలిలో ముందుకు ఊగిన కాలు నేలను తాకే ముందు ఆగాలి. దాన్ని ఆపేవి తొడ వెనుక కండరాలు. ముందుకు దూసుకెళ్తున్న కాలిని వెనక్కి పట్టి లాగుతూ, తామూ సాగుతూ, అవి బ్రేకు వేస్తాయి. కాలికి వేగం ఇవ్వడానికే కాదు, ఆ వేగాన్ని చంపడానికీ ఒళ్లు శక్తి ఖర్చు పెడుతుందన్నమాట. చివరికి అంతా వేడిగా పోతుంది.

సరిగ్గా ఆ క్షణంలో మోకాలికి జనరేటర్‌ను తగిలిస్తే, బ్రేకు పని అదే చేస్తుంది. ఎలక్ట్రిక్ రైలు ఆగుతూ కరెంటును తీగలోకి తిప్పి పంపే పద్ధతే ఇది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో మాక్స్ డోనెలన్ బృందం 2008లో ఇలాంటి మోకాలి పట్టీని చేసి చూపించింది. మోకాలి కోణాన్ని కనిపెడుతూ, ఊపు చివర్లో మాత్రమే అది జనరేటర్‌పై భారం పెడుతుంది. రెండు కాళ్లకూ కలిపి దాదాపు 5 వాట్లు వచ్చాయి. మామూలుగా కండరబలంతో జనరేటర్‌ తిప్పితే ఒక్కో వాటుకు ఒళ్లు ఆరు వాట్లకు పైగా ఖర్చు పెట్టాలి. ఇక్కడ అదనపు ఖర్చు ఒక వాటు లోపే.

చిక్కల్లా బరువుతోనే. ఒక్కో పట్టీ 1.6 కిలోలు. దాన్ని మోయడానికయ్యే శ్రమ ఈ లెక్కలో చేరలేదు. 2021లో కెనడాలోనే క్వీన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే సూత్రంతో నడక శ్రమను 2.5 శాతం తగ్గించారు. కాలి నుంచి శక్తి లాగేసుకుంటేనే నడక తేలికైంది! కరెంటు మాత్రం పావు వాటే దక్కింది. 15 వాట్-అవర్ల ఫోను బ్యాటరీని దానితో నింపాలంటే 60 గంటలు నడవాలి.