బాలింత పథ్యము – పంచాయతీ కర్తవ్యము

పెదకూరపాడు పరిసర గ్రామములలో మిరప, ప్రత్తి చేలయందు కలుపు మొదలు కోత వరకు స్త్రీల శ్రమయే అధికము. అట్టి స్త్రీ ప్రసవించిన పిమ్మట తిరిగి బలము పుంజుకొనుట ఆ యింటికే గాక గ్రామమునకును సంబంధించిన విషయము. మన పెద్దలు ఈ సంగతి నెరిగియే బాలింతకు విశ్రాంతిని, వేడినీటి స్నానమును, ప్రత్యేకాహారమును ఏర్పరచిరి. ఆయుర్వేదము ప్రసవానంతరము నెలన్నర దినములను సూతికా కాలమని పేర్కొన్నది. నేటి వైద్యులును ఆరు వారములను కోలుకొను కాలముగా గణించుచున్నారు.

ఈ కాలమున వాడు మందులలో ముఖ్యమైనది కాయము. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము మున్నగు దినుసులను దంచి, బెల్లము, నేయి చేర్చి దీనిని తయారుచేయుదురు. శొంఠిపొడి, వెల్లుల్లి కారము అన్నములో కలిపి పెట్టుదురు. వావిలాకు వేసి కాచిన నీటితో స్నానము చేయింతురు. పాలు పడుటకు మెంతులు, పిల్లిపీచర గడ్డలు వాడుదురు. శొంఠి, వాము జీర్ణశక్తికి తోడ్పడును. బెల్లము, నేయి శక్తి నిచ్చును. వేడినీటి స్నానము ఒడలి నొప్పులకు హాయి గూర్చును. మితముగా వాడినచో వీనిని మాన్పింప నక్కరలేదు. అయితే పాలు పడుటకు అన్నిటికన్న నమ్మదగిన సాధనము బిడ్డకు తరచుగా చన్నిచ్చుటయే. రక్తపుపోటు, మధుమేహము గలవారును, శస్త్రచికిత్స జరిగినవారును వైద్యుని అడిగియే కాయము తినవలెను. ఊరు పేరు లేని భస్మములను ఎవ్వరును వాడరాదు. వానిలో సీసము, పాదరసము ఉండవచ్చును.

పథ్యము పేర జరుగు కొన్ని పనులు మాత్రము హానికరములు. మంచినీరు తగ్గించుట, పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు మాన్పించుట తగదు. పాలిచ్చు తల్లికి నీరును, ఆహారమును మునుపటికన్న ఎక్కువగా కావలెను. ముర్రుపాలు పారబోయరాదు. అవి బిడ్డకు వ్యాధినిరోధక శక్తి నిచ్చును. మూసిన గదిలో సాంబ్రాణి పొగ వేయుట, బొడ్డుపై బూడిద గాని పసరు గాని పూయుట ప్రమాదము.

ప్రసవమున పోయిన రక్తమును కాయము ఒక్కటే తిరిగి సమకూర్చజాలదు. అందులకే ప్రసవానంతరము 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలను ఉచితముగా ఇచ్చుచున్నారు. 1940ల దశకమున అమెరికాలో ఈ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన పరిశోధనకు సారథ్యము వహించినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాని కృషి ఫలమును తెలుగు తల్లులు విడిచిపెట్టుట న్యాయము కాదు.

బాలింత జ్వరము చలువ వలన వచ్చునని తలచి, కాయము మోతాదు పెంచి కాలయాపన చేయుట అన్నిటికన్న గొప్ప ప్రమాదము. 1847లో వియన్నా నగర ప్రసూతి వైద్యశాలయందు సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, పురుడు పోయువారు క్లోరిన్ కలిసిన నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమించగా జ్వర మరణములు ఎంతయో తగ్గెను. ఈ జ్వరమునకు కారణము చలువ కాదు, సూక్ష్మజీవులు. అధిక రక్తస్రావము, జ్వరము, దుర్వాసనతో కూడిన స్రావము, మూర్ఛ, తీవ్రమైన తలనొప్పి, ఆయాసము, ఒక కాలు వాచుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఇంటి మందుతో ఆగక వెంటనే 108 వాహనమును పిలువవలెను. రక్తస్రావము గంటలలోనే ప్రాణము తీయగలదు.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యము, పారిశుధ్యము, స్త్రీ శిశు సంక్షేమములను పంచాయతీల విషయములలో చేర్చినది. కావున సభ్యులు తమ తమ వార్డులలోని గర్భిణుల, బాలింతల వివరములు తెలిసికొని యుండవలెను. ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో వచ్చుచున్నదో లేదో విచారింపవలెను. గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషకాహార సంఘపు సమావేశములో అత్తలను, అమ్మమ్మలను కూర్చుండబెట్టి ఈ విషయములు చర్చింపవలెను. ఏలయన పథ్యము నిర్ణయించువారు వారే. అర్ధరాత్రి వాహనము వాకిటి వరకు వచ్చు దారి యున్నదో లేదో చూచుట పంచాయతీ పని.

కాయము పెట్టు అమ్మమ్మ చేయి, మాత్ర నిచ్చు ఆశా కార్యకర్త చేయి కలిసినచో బాలింత క్షేమముగా లేచి తిరుగును. ఆ రెండు చేతులను కలుపవలసిన బాధ్యత పంచాయతీ సభ్యులది.