సంఘంలో ప్రేమ వందనాలతో సరిపోదు: అపోహలు – వాస్తవాలు

ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకునే వేళ చూస్తే, మన సంఘాల్లో ప్రేమకు కొదవే లేదనిపిస్తుంది. అదే సంఘంలో భర్త పోయిన ఒక తల్లి ఇంట్లో బియ్యం నిండుకుని ఉండవచ్చు. ఇద్దరు పెద్దలు స్థలం తగాదాతో ఏళ్ళ తరబడి పలకరించుకోకుండా ఉండవచ్చు. ఇవి మన కాలానికి కొత్తగా వచ్చిన కష్టాలేమీ కావు. కొత్త నిబంధనలో ప్రేమ గురించిన మాటలు చాలావరకు ఇలాంటి చిక్కుల్లో ఉన్న సంఘాలకు రాసినవే. ఆ నేపథ్యం మరచి చదవడం వల్ల క్రైస్తవ ప్రేమ అంటే మెత్తటి మనసు, తియ్యటి మాట అన్న అభిప్రాయం పాతుకుపోయింది. లేఖనాలు అడిగే ప్రేమకు ఏర్పాట్లు కావాలి, ఖర్చు పెట్టాలి, ధైర్యం చెయ్యాలి. విశ్వాసుల మధ్య తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఈ వెలుగులో పరిశీలిద్దాం.

అపోహ: నిజమైన ప్రేమ ఉన్న సంఘంలో గొడవలు రావు. ఆది సంఘం అలాగే ఉండేది.

వాస్తవం: అపొస్తలుల కార్యములు రెండు, నాలుగు అధ్యాయాల్లో విశ్వాసులు ఆస్తులు అమ్మి అవసరమున్నవారికి పంచిన సంగతి మనందరికీ గుర్తుంటుంది. బర్నబా తన పొలం అమ్మి సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టింది అప్పుడే. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి అదే యెరూషలేము సంఘంలో సణుగుడు మొదలైంది. రోజువారీ పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్నది ఫిర్యాదు. ఆత్మీయులు సణగకూడదంటూ అపొస్తలులు ఎవరి నోరూ మూయించలేదు. సంఘమంతటినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న పక్షం చేతికే పంపిణీ అప్పగించారని చాలామంది వ్యాఖ్యాతలు గమనించారు. ఫిర్యాదు విని, వెంటనే ఏర్పాటు మార్చుకోవడంలోనే ఆ సంఘం ప్రేమ కనబడింది.

అపోహ: మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయం భార్యాభర్తల ప్రేమ గురించి రాసినది.

వాస్తవం: వివాహ ఆరాధనల్లో ఈ అధ్యాయం తరచుగా వింటాం. దంపతులకు అది చక్కని ఉపదేశమే. అయితే పౌలు దాన్ని రాసింది ముక్కలైపోయిన ఒక సంఘానికి. మొదటి అధ్యాయం చూడండి: కొందరు పౌలు పక్షం, కొందరు అపొల్లో పక్షం, కొందరు కేఫా పక్షం. ఆరో అధ్యాయంలో సహోదరులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. పదకొండో అధ్యాయంలో ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్ళు ముందే తిని తాగుతుంటే, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయారు. పన్నెండు, పద్నాలుగు అధ్యాయాలు ఎవరి వరం గొప్పదన్న పోటీని సరిదిద్దుతాయి. వాటి నడుమ ఉంది పదమూడు. ఓర్పు, డంబం లేకపోవడం, అపకారాన్ని మనసులో ఉంచుకోకపోవడం అంటూ పౌలు చెప్పిన గుణాలన్నీ ఆ సంఘానికి కరవైనవే. సంఘ కమిటీ ఎన్నికలకు ముందు, ఆస్తి తగాదా మీద కూర్చునే ముందు కూడా చదవవలసిన అధ్యాయమిది.

అపోహ: మనసు కలిసినవారినే ప్రేమించగలం. మిగతావారికి దూరంగా ఉంటే చాలు.

వాస్తవం: యేసు పిలుచుకున్న పన్నెండుమందిలో రోమాకు లోబడిన పాలన కోసం సుంకం వసూలు చేసే వ్యవస్థలో పనిచేసిన మత్తయి ఉన్నాడు, జెలోతే (తీవ్ర ఆసక్తిపరుడు) అని పేరున్న సీమోనూ ఉన్నాడు. యోహాను సువార్త 13వ అధ్యాయం ప్రకారం యేసు శిష్యుల పాదాలు కడిగినప్పుడు యూదా ఇంకా బయటికి వెళ్ళలేదు. అంటే అప్పగించబోయేవాడి పాదాలూ కడిగాడు. ఒకరినొకరు ప్రేమించాలన్న కొత్త ఆజ్ఞ ఆ తరువాత వచ్చింది. మనకు నచ్చినవారితో కూర్చుని ప్రేమ విందు తిన్నంత మాత్రాన ఆ ఆజ్ఞ నెరవేరదు.

అపోహ: ప్రేమ తప్పులను కప్పుతుంది కాబట్టి సంఘంలో జరిగిన తప్పును బయటపెట్టకూడదు.

వాస్తవం: పేతురు మొదటి పత్రికలోని ఈ మాటను చాలా సంఘాల్లో నోళ్ళు నొక్కడానికి వాడుతున్నారు. దాని ఉద్దేశం ఒకరి లోపాలను ఊరంతా చాటకుండా క్షమించమని. తప్పు చేసినవాడితో మాట్లాడకుండా ఊరుకోమని కాదు. మత్తయి 18వ అధ్యాయంలో యేసు వరుస చెప్పాడు: ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకువెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయాలి. మనం ఈ వరుసను తలకిందులు చేస్తాం. ముందు ఊరంతా చెప్పుకుంటాం, అసలు మనిషికి చివర తెలుస్తుంది. అంతియొకయలో యూదేతర విశ్వాసులతో కలిసి భోంచేయడం మానుకున్న పేతురును పౌలు అందరి ముందే నిలదీశాడని గలతీయులకు రెండో అధ్యాయం చెబుతుంది. అందరి ముందు జరిగిన అవమానాన్ని అందరి ముందే సరిదిద్దవలసి వచ్చింది.

ఇక్కడ ఒక హద్దు స్పష్టంగా గీయాలి. భర్త కొడుతున్నాడని వచ్చిన సహోదరికి “సర్దుకుపో అమ్మా, ప్రార్థించు” అని చెప్పి పంపేయడం ప్రేమ కాదు. ఆమెకు ముందు భద్రత కావాలి. గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది, మహిళల సహాయవాణి 181 ఉంది. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098. చేసినవాడు పాస్టరైనా, సంఘ పెద్దయినా ఇందులో మినహాయింపు లేదు. సంఘం పరువు కోసం పసివాళ్ళ గోడును అణచిపెట్టే హక్కు ఎవరికీ లేదు.

అపోహ: కష్టంలో ఉన్నవారి కోసం ప్రార్థిస్తే మన బాధ్యత తీరింది.

వాస్తవం: కట్టుకోవడానికి బట్ట, తినడానికి తిండి లేని సహోదరుణ్ణి మంచి మాటలతో సాగనంపితే ఏం ప్రయోజనమని యాకోబు రెండో అధ్యాయంలో సూటిగా అడిగాడు. తొలి శతాబ్దాల సంఘాలు ఆ ప్రశ్నకు కానుకల పెట్టెతో జవాబిచ్చాయి. సుమారు 155లో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు ఆదివారం ఆరాధనను వర్ణిస్తూ, అప్పుడు పోగైన కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వెళ్ళేదని రాశాడు. 251 ప్రాంతంలో రోమా సంఘం 1,500 మందికి పైగా విధవరాండ్రను, దిక్కులేనివారిని పోషిస్తోందని ఆ సంఘ బిషప్ కొర్నేలియస్ లేఖ చెబుతోంది. ఇంతమందికి అందాలంటే పేర్లు, లెక్కలు, బాధ్యులు ఉండి తీరాలి. మన ప్రార్థన మనవుల చీటీలో ఆస్పత్రి ఖర్చు అని రాసి ఉంటే, ఆమేన్ తరువాత ఎవరో ఒకరు ఆ బిల్లు సంగతి కనుక్కోవాలి.

అపోహ: సాయం చేయడం డబ్బున్నవాళ్ళ పని.

వాస్తవం: యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు మాదిరిగా చూపింది మాసిదోనియ సంఘాలను. వాళ్ళు కటిక పేదలైనా బతిమాలి మరీ ఇచ్చారు. మిజోరంలో 1910 నుంచి గృహిణులు వంట చేసిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి సంఘానికి ఇస్తున్నారు. పిడికెడు బియ్యం అలవాటు మన తెలుగు పల్లె సంఘాల్లోని తల్లులకూ తెలిసినదే. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అని సంఘం రెండుగా చీలకుండా అది కాపాడుతుంది.

అపోహ: క్రీస్తులో కులం లేదు. కాబట్టి సంఘంలో కులం మాట ఎత్తడమే తప్పు.

వాస్తవం: మాట ఎత్తనంత మాత్రాన అది పోదు. ఒకే విశ్వాసం ఉన్నా మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఉన్న ఊళ్ళు ఉన్నాయి. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పిల్లల పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి కులం అడిగేవారు ఉన్నారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు చూపడాన్ని యాకోబు పాపమనే అన్నాడు.

ఇలాంటి పక్షపాతానికి ఎదురు నిలిచిన గొప్ప ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు తేల్చి చెప్పారు. ఆ కలతలో క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక తొలి అధ్యాయమే ఎదురైందట. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. ఆయన మాదిగల పక్షాన నిలబడ్డారు. తెలుగు బాప్టిస్టు సంఘం ఆ నిర్ణయం మీదే నిలిచింది. ఆ వారసత్వం మనదని చెప్పుకుంటే, కమిటీలో, వియ్యంలో, సమాధుల తోటలో కూడా అది కనబడాలి.

అపోహ: సంఘ ప్రేమ సంఘస్తులకే పరిమితం.

వాస్తవం: విశ్వాసుల ఇంటివారిని ప్రత్యేకంగా చూసుకోమన్న పౌలు, అదే వాక్యంలో అందరికీ మేలు చేయమన్నాడు. సుమారు 252లో కార్తేజ్ నగరాన్ని మహమ్మారి కమ్మినప్పుడు, మనవాళ్ళకే సేవ చేస్తే గొప్పేమీ లేదని బిషప్ సిప్రియన్ విశ్వాసులకు బోధించినట్టు ఆయన జీవితచరిత్ర చెబుతుంది. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవారికి కూలి కల్పించారు. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ సాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. బదులు ఆశించకుండా చేసినదే ప్రేమ అని ఆ సంయమనం సాక్ష్యమిస్తోంది.

మరి మనమేం చేయాలి? సంఘంలో ఒంటరిగా ఉన్న వృద్ధులు, భర్త పోయిన తల్లులు, మంచం పట్టినవారు, ఇంటి మనిషి గల్ఫ్‌లో ఉండి ఇక్కడ ఒంటరైన కుటుంబాలు ఎన్నో పేర్లతో సహా రాసి ఉంచాలి. ఒక్కో ఇంటికి బాధ్యులను పెట్టాలి. కానుకల్లో ఎంత భాగం వారికి వెళ్ళిందో ఏటా సంఘం ముందు చదివి వినిపించాలి. ఎవరితోనైనా మాటలు లేకపోతే ప్రభువు బల్లకు వచ్చేముందే వాళ్ళ గుమ్మం తొక్కాలి. మీ సంఘంలో అలాంటి జాబితా ఉందో లేదో ఈ ఆదివారం పాస్టరుగారిని అడగండి. లేకపోతే రాసే పనికి మీరే ముందుకు రండి.