భూగర్భమున నొక ఆకాశము

మాస్కో నగరపు మెట్రోలో మయకోవ్‌స్కాయ అను స్టేషనునందు రైలు దిగినవాడు, పదిమందితోపాటు ఎస్కలేటరు వైపు పరుగిడక, ఆ మందిరము నడుమ ఒక్క నిమిషము నిలిచి తల పైకెత్తి చూచెనేని, తాను నేలకు 33 మీటర్ల లోతున నున్న సంగతి మరచిపోవును. తలపై వరుసగా అండాకారపు గుమ్మటములు; ఒక్కొక్క గుమ్మటపు లోతట్టున, చుట్టును దీపములు వెలుగుచుండగా, రంగుగాజు పలుకులతో కూర్చిన ఒక్కొక్క చిత్రము. ఒకదానియందు విమానములు బారులు తీరి సాగుచుండును. ఒకదానియందు పారాచూటులతో మనుష్యులు దిగుచుందురు. వేరొకదానియందు మంచువాలు మీదినుండి లేచిన క్రీడాకారుడు గాలిలో తేలుచుండును. నేలమీద నిలిచి పైకి చూచువానికి ఇవి ఎట్లు కనుపించునో అట్లే చిత్రింపబడినవి. అలెగ్జాండర్ దైనేకా అను చిత్రకారుడు 34 చిత్రములలో సోవియట్ దేశపు ఆకాశమున ఒక అహోరాత్రమును ఈ విధముగా పాతాళమునకు దింపినాడు.

మనుష్యునకు భూమిక్రింద నడచుటయన్న సహజముగనే భయము. మోయరాని బరువు నెత్తిపైనున్నదన్న ఎరుకయు, చీకటియు, ఉక్కయు కలిసి ఊపిరి సలుపనీయవు. ఈ భయమును పోగొట్టుటయే భూగర్భ వాస్తుశిల్పి ప్రథమ ధర్మమని నేను తలచుచున్నాను. మాస్కో శిల్పులు ఆ ధర్మమును గ్రహించినంత లోతుగా గ్రహించినవారు అరుదు.

1935 మే 15వ తేదీన 13 స్టేషన్లతో, 11 కిలోమీటర్లకు కొంచెము మించిన మార్గముతో ఈ మెట్రో ప్రారంభమైనది. తడియిసుకయు, బంకమన్నును, నగరము క్రింద కప్పబడిపోయిన వాగులును త్రవ్వకమునకు అడుగడుగున అడ్డుపడినవి. పల్లెలనుండి వచ్చిన వేలాది యువతీయువకులు మోకాలిలోతు నీటిలో నిలిచి పనిచేసిరి. పూర్వము ప్రభువుల మేడలకే దక్కిన చలువరాళ్లును, కంచుప్రతిమలును, వ్రేలాడు దీపగుచ్ఛములును ఇక పనికిపోవు సామాన్యునివి కావలెనని సోవియట్ ప్రభుత్వము సంకల్పించినది. ఆ ప్రభుత్వపు విధానముల వలననే 1932, 33 సంవత్సరములలో గ్రామసీమలయందు లక్షలాది జనులు కరవువాత పడిరన్న సత్యమును మరచి ఈ చలువరాళ్లను మెచ్చుకొనుట న్యాయము కాదు. కాని ఆ రాళ్లను చెక్కిన చేతులకు రావలసిన మెప్పును అపహరించుటయు న్యాయము కాదు.

ఆ శిల్పులలో అలెక్సీ దూష్కిన్ అగ్రగణ్యుడు. వెలుతురే అతని ప్రధాన నిర్మాణసామగ్రి. నేడు క్రొపోత్‌కిన్‌స్కాయ యని పిలువబడు స్టేషను అతని తొలి రచనలలోనిది. అందు ఒక్కొక్క స్తంభము పైకి పోను పోను పూవువలె విచ్చుకొని కప్పును అందుకొనును. దీపములు ఆ స్తంభశిరస్సులలో దాగియుండుటచే, వెలుతురు ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియకయే కప్పంతయు తెల్లవారినట్లుండును. దానికి చేరువలో నున్న మహామందిరమును 1931లో కూల్చివేసి, ఆ స్థలమున ‘సోవియట్ల సౌధము’ అను ఆకాశహర్మ్యమును కట్టదలచిరి. ఈ స్టేషను దానికి ద్వారముగా ఉద్దేశింపబడినది. ఆ సౌధము లేవనేలేదు. ఆ చోట కొన్ని దశాబ్దములు ఈతకొలను ఉండి, తుదకు మందిరమే మరల కట్టబడినది. పైన ఇన్ని మారినను క్రిందనున్న ద్వారము మాత్రము చెక్కుచెదరలేదు.

1938లో తెరచిన మయకోవ్‌స్కాయయు దూష్కిన్ కట్టినదే. అంత లోతున భూభారము నాపుటకు అంతకుముందు గోడలవంటి లావుపాటి దిమ్మెలు కట్టుచుండిరి. ఇతడు లోన ఉక్కును పొదిగి, సన్నని స్తంభములతో ఆ బరువును నిలిపి, కమానులకు తుప్పుపట్టని ఉక్కుపట్టీలను తొడిగినాడు. ఆ పట్టీలపై వెలుతురు జారుచున్నప్పుడు స్టేషనంతయు ఒకే ఊపున లేచినట్లు తోచును. మన అభ్యుదయ కవులకు అభిమానపాత్రుడైన మయకోవ్‌స్కీ పేరు దీనికి తగినదే.

దీనికి భిన్నమైనది ‘విప్లవ చతుష్పథము’ అని అర్థమిచ్చు ప్లోషద్ రెవల్యూత్సియీ. ఇచ్చటి తగ్గు కమానుల మూలలలో మాత్వేయ్ మనీజెర్ పోసిన 76 కంచు ప్రతిమలు మోకరిల్లియో, వంగియో, కూర్చుండియో ఉన్నవి. సైనికులు, రైతులు, క్రీడాకారులు, తల్లులు—అందరును ఆ కొద్ది చోటిలో ఇమిడిన తీరు చూడదగినది. సరిహద్దు కావలివాని ప్రక్కనున్న కుక్క శరీరమంతయు నల్లబారియుండగా, ముక్కు మాత్రము బంగారువలె తళతళలాడుచుండును. పరీక్షలకు పోవు విద్యార్థులు దానిని తాకిపోవుట ఆచారము. నిత్యము వేలాది చేతుల రాపిడికి కంచు ఆ మెరుగు దేలినది. గుడిలో నందిని తాకి కన్నులకద్దుకొను మనకు ఇది వింత కాజాలదు.

అంతకంటె మనకు దగ్గరైనది మరియొకటి కలదు. పలు స్టేషన్ల గోడలకు పొదిగిన ఎఱ్ఱని, ఊదారంగు రాళ్లను దగ్గరగా పరికించినచో, అందందు శంఖమువలె చుట్టలు చుట్టుకొనిన ఆకృతులు కనుపించును. కోట్లాది సంవత్సరములకు పూర్వము సముద్రములలో జీవించి శిలలలో నిలిచిపోయిన అమ్మోనైట్ అను జలచరముల శేషములవి. గండకీనదిలో దొరకు ఇట్టి శిలలనే సాలగ్రామములని మన ఇండ్లలో పళ్లెమున నుంచి పూజింతుము. మాస్కోలో అవి రైలుకై వేచియున్నవారి భుజముల ప్రక్కనే ఉన్నవి, చూచువారు కొద్దిమందియే.

1952లో తెరచిన కొమ్సొమోల్‌స్కాయ వలయమార్గపు స్టేషను, పసుపుపచ్చని కప్పుతో, పావెల్ కోరిన్ కూర్చిన చిత్రములతో, రాజసౌధమును మించిపోయినది. నాకు అందు ఆడంబరమే హెచ్చుగా తోచును. 1955లో ప్రభుత్వమే ‘వాస్తుకళలోని అతిశయములను’ నిషేధించి శాసనము చేయగా, అటుపిమ్మట ఇరువరుసల సన్నని స్తంభములతో ఒకే అచ్చున పోసిన స్టేషన్లు వచ్చినవి. జనులు వాటికి జెఱ్ఱి యని పేరిడిరి.

క్రొత్తగా పోయినవారికి ఉపయోగపడు మాట ఒకటి: నగరకేంద్రమువైపు పోవు రైలులో స్టేషన్ల పేర్లను పురుషకంఠము ప్రకటించును, కేంద్రమునుండి వెలుపలికి పోవుచున్నచో స్త్రీకంఠము. కన్నులు మూసికొనియున్నను ఎటు పోవుచున్నామో తెలియును.

1941లో బాంబులు పడుచున్న రాత్రులలో ఈ స్టేషన్లే లక్షలాది జనులకు శరణాలయములైనవి. శత్రుసైన్యము సమీపించుచున్న తరుణమున, నవంబరు 6న, విప్లవ వార్షికోత్సవసభ మయకోవ్‌స్కాయ ప్లాట్‌ఫారముపైనే జరిగినది. యుద్ధములో సైతము త్రవ్వకము ఆగలేదు. దైనేకా చిత్రములను గాజుపలుకులతో కూర్చినవాడు లెనిన్‌గ్రాడ్‌లోని వ్లదీమిర్ ఫ్రొలోవ్. జర్మనులు చుట్టుముట్టిన ఆ నగరములో, చలిలో, ఆకలిలో, మాస్కోలోని మరియొక స్టేషనుకై ఆ వృద్ధశిల్పి చిత్రములు కూర్చుచునే యుండి, 1942 ఆరంభమున కన్నుమూసెను. ఆ చిత్రములు ముట్టడి దాటి మాస్కో చేరినవి. 1943 నవంబరులో తెరచిన నొవొకుజ్నెత్‌స్కాయ స్టేషను కప్పున అవి నేటికిని ఉన్నవి.