గర్భిణులూ.. ఈ 3 రక్త పరీక్షలు వదిలేయొద్దు! బిడ్డకు సుఖవ్యాధుల ముప్పు తప్పాలంటే?

గర్భం అని తెలియగానే షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు చేయించుకుంటారు. సుఖవ్యాధుల టెస్టు అంటే మాత్రం "మాకెందుకు?" అంటారు. చిక్కంతా ఇక్కడే. ఈ ఇన్ఫెక్షన్లు చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే ఉండిపోతాయి. టెస్టు చేస్తేనే బయటపడతాయి.

సిఫిలిస్: మాయ ద్వారా కడుపులోని బిడ్డకు సోకుతుంది. గర్భస్రావం కావొచ్చు, నెలలు నిండకుండానే కాన్పు రావొచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. త్వరగా గుర్తిస్తే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తల్లికీ నయమవుతుంది, బిడ్డకూ రక్షణ దొరుకుతుంది.

హెచ్‌ఐవీ: చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడితే 5 శాతం లోపే.

హెపటైటిస్-బి: ఎక్కువగా కాన్పు సమయంలోనే సోకుతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా పడాల్సిందే.

ఇవి కాక గనేరియా ఉంటే కాన్పులో బిడ్డ కళ్లకు ఇన్ఫెక్షన్ సోకి, చూపే పోవచ్చు. నొప్పులు వచ్చే సమయానికి హెర్పిస్ పుండ్లు ఉంటే డాక్టర్లు సిజేరియన్ చేస్తారు.

భార్య ఒక్కరే మందులు వాడితే సరిపోదు. భర్త కూడా టెస్టు చేయించుకోవాలి. లేదంటే సిఫిలిస్, గనేరియా లాంటివి తగ్గినా మళ్లీ అంటుకుంటాయి.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. పేరు బయటకు వస్తుందేమోనన్న భయం వద్దు. హెచ్‌ఐవీ రిపోర్టును గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. మూడో నెల దాటకముందే వెళ్తే మంచిది.